మూసిన సరుకుల ట్రైలర్: ఏ సదుపాయాలు ముందు?

ప్రశ్న: పనిముట్లు, ఒక మోటారుసైకిల్ తీసుకెళ్లడానికి అన్నివైపులా మూసి ఉండే ట్రైలర్‌ను ప్రత్యేకంగా చేయించుకుంటున్నాను. వేటికి ప్రాధాన్యం ఇవ్వాలి?

జవాబు: తరువాత మార్చుకోవడం కష్టం కనుక ఇరుసులు, బ్రేకుల సంగతి ముందుగా తేల్చుకోండి. అనుమతించిన మొత్తం బరువులోంచి ఖాళీ ట్రైలర్ బరువు తీసివేయగా మిగిలినదే మీరు వేయగల సరుకు కాబట్టి, బిగించే ప్రతి అలమరా ఆ మేరకు దాన్ని తగ్గిస్తుంది. మోటారుసైకిల్ ఎక్కించడానికి వెనుక ర్యాంపు తలుపే మేలు. మోటారుసైకిల్‌ను కట్టే కొక్కేలను నేల ప్లైవుడ్‌కు కాక, కింది ఉక్కు చట్రానికే బిగించమని గట్టిగా చెప్పండి. హిచ్ (లాగే వాహనానికి ట్రైలర్‌ను తగిలించే భాగం) మీద పడే భారం సరుకుతో సహా ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి; అంతకన్నా తగ్గితే వేగంలో ట్రైలర్ ప్రమాదకరంగా అటూ ఇటూ ఊగుతుంది కనుక, బరువైన పనిముట్ల అలమరలను ఇరుసుకు ముందువైపే అమర్చుకోండి.