తుపాకుల షాపులో రికార్డ్స్ క్లర్క్ అంట, అమ్మాయిని చేరమనొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం, పెళ్ళికి ముందు ఖమ్మంలో ఒక ఆడిటర్ గారి దగ్గర చేసింది. అల్లుడు అమెరికన్ సిటిజన్, అమ్మాయికి గ్రీన్ కార్డ్ వచ్చేసింది, డల్లాస్ దగ్గర ఉంటారు. అక్కడో తుపాకుల షాపు బ్యాక్ ఆఫీసులో రికార్డ్స్ క్లర్క్‌గా రమ్మన్నారట. నేను రిటైర్డ్ టీచర్ని, నాకు ఇవేం తెలీదు. వాళ్ళమ్మ ఒకటే కంగారు. చేరమనమంటారా? ఇంకో మాట, అమ్మాయి ఫ్రెండ్ ఒకమ్మాయి కూడా అదే షాపుకి అప్లై చేస్తానంటోంది, తను హెచ్4 వీసా (హెచ్1బీ వాళ్ళ భార్యాభర్తలకిచ్చే వీసా) మీద ఉంది, వర్క్ పర్మిట్ ఉందట.

జవాబు: మాస్టారూ, నా మాటైతే చేరమనండి, కాకపోతే కంగారు పడాల్సింది తుపాకుల గురించి కాదు, అమ్మాయి రాసే ఎంట్రీల గురించి.

మన దగ్గర కలెక్టరేట్‌లోనో కమిషనర్ ఆఫీసులోనో లైసెన్స్ ఉంటేగానీ తుపాకీ చేతికి రాదు కదా, టెక్సాస్‌లో అలా కాదు, కొనేవాడికి లైసెన్స్ అక్కర్లేదు, అమ్మే షాపుకే ఫెడరల్ లైసెన్స్ ఉండాలి, 1968 నాటి తుపాకుల చట్టం ప్రకారం రికార్డులు రాసి దాచే పని కూడా షాపుదే. పైనుంచి చూసేది ఏటీఎఫ్ అనే ఫెడరల్ డిపార్ట్‌మెంట్. అంటే అక్కడ సగం ప్రభుత్వం పని షాపులో కూర్చున్న క్లర్కే చేస్తుందన్నమాట.

పని ఏంటంటే, మొదటిది బౌండ్ బుక్, అంటే వచ్చిన, అమ్మిన తుపాకుల రిజిస్టర్. ఆడిటర్ దగ్గర స్టాక్ రిజిస్టర్ చూసిన పిల్ల కాబట్టి రెండ్రోజుల్లో అర్థమైపోద్ది. వచ్చిన ప్రతి తుపాకీకి తయారీ కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్, రకం, క్యాలిబర్, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది అన్నీ మర్నాడు షాపు మూసేలోపు ఎక్కాలి, అమ్మాక ఎవరికి వెళ్ళిందో 7 రోజుల్లోపు ఎక్కాలి. సీరియల్ నంబర్‌లో సున్నాకి బదులు ఇంగ్లీషు 'O' కొడితే చాలు, లెక్కలో ఒక తుపాకీ మాయమైనట్టే కనపడుతుంది.

రెండోది 4473 అనే ఫారం, కొనేవాడు నింపాలి, షాపువాళ్ళు ఐడీ చూసి ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కి పంపిస్తారు, ప్రొసీడ్ (అమ్మొచ్చు), డిలేడ్ (ఇంకా తేలలేదు, ఆగాలి), డినైడ్ (అమ్మకూడదు) అని జవాబొస్తుంది. ఆ తర్వాత ఫారంలో ప్రతి గడీ నిండిందా, తేదీలు కలుస్తున్నాయా అని చూసుకోవడం మీ అమ్మాయి పని. ఇక్కడే జాగ్రత్త. తుపాకీ ఇచ్చేశాక తప్పు బయటపడితే ఒరిజినల్ మీద దిద్దకూడదు, ఫోటోకాపీ తీసి దాని మీద దిద్ది, ఇనీషియల్, తేదీ వేసి ఒరిజినల్‌కి జత చెయ్యాలి, అదికూడా కొన్నవాడు నింపిన భాగం కొన్నవాడే దిద్దాలి. మేనేజర్ వచ్చి "ఏం కాదమ్మా, పాత తేదీ వేసి నువ్వే రాసెయ్" అన్నాడంటే ఆ రోజే వేరే ఉద్యోగం వెతుక్కోమనండి. తెలిసి తప్పుడు ఎంట్రీ వెయ్యడం అక్కడ క్రైమ్, మేనేజర్ చెప్పాడు అంటే కోర్టులో చెల్లదు.

ఇక రిపోర్టులు. ఒకే మనిషి 5 వరుస బిజినెస్ రోజుల్లో రెండు గానీ ఎక్కువ గానీ హ్యాండ్‌గన్లు కొంటే ఆ రోజే రిపోర్ట్ పంపాలి. టెక్సాస్ మెక్సికో బోర్డర్ రాష్ట్రం కాబట్టి 2011 నుంచి కొన్ని రకాల సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళకి కూడా ఇలాంటి రిపోర్టే ఉంది. తుపాకీ పోయిందనో దొంగతనం అయిందనో తెలిస్తే 48 గంటల్లోపు ఏటీఎఫ్‌కీ లోకల్ పోలీసులకీ చెప్పాలి. ఎక్కడో నేరంలో తుపాకీ దొరికి, ఇది ఎవరికి అమ్మారు అని ట్రేస్ అడిగితే 24 గంటల్లో జవాబివ్వాలి. నన్నడిగితే ఈ ఉద్యోగంలో అసలు విలువైన పని ఇదే, ఎందుకంటే అక్కడ తుపాకుల ఓనర్ల జాతీయ రిజిస్టర్ పెట్టడానికి చట్టం ఒప్పుకోదు, మూతపడిన షాపుల కాగితాలన్నీ వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఉన్న ఏటీఎఫ్ ట్రేసింగ్ సెంటర్‌కి చేరినా కొన్నవాళ్ళ పేరు కొట్టి వెతికే వీల్లేదు, కాబట్టి పోలీసులు తయారీ కంపెనీ నుంచి హోల్‌సేలర్‌కి, అక్కడ్నుంచి షాపుకి అడుగుతూ వచ్చి చివరికి మీ అమ్మాయి రాసిన లైను దగ్గర ఆగుతారు.

చేరే ముందు ఇంటర్వ్యూలో మూడు విషయాలు అడగమనండి. కౌంటర్ మీద కూడా నిలబెడతారా? స్టాక్ చెకింగ్‌లో తుపాకీ చేత్తో తీసి సీరియల్ నంబర్ చదవాలా, అలా అయితే సేఫ్టీ ట్రైనింగ్ ఎవరిస్తారు? పోయినసారి ఏటీఎఫ్ ఇన్‌స్పెక్షన్‌లో ఏం తప్పులు రాశారు? మూడోదానికి సూటిగా చెప్పే షాపైతే ధైర్యంగా చేరొచ్చు, నీళ్ళు నమిలితే నేనైతే వద్దంటాను. 

జీతం మొదట మామూలు ఆఫీసు క్లర్క్ లెక్కలోనే ఉంటుంది, పెద్దగా ఆశపడొద్దు. రెండు మూడేళ్ళు చేస్తే కంప్లయన్స్ స్పెషలిస్ట్ (రూల్స్ ప్రకారం పని జరుగుతోందా అని చూసే ఉద్యోగం) అని తుపాకుల కంపెనీలకే వెళ్ళొచ్చు, లేదంటే ఇదే అలవాటుతో బ్యాంకుల కేవైసీ వైపో మందుల కంపెనీల రికార్డుల వైపో మారొచ్చు. ఏటీఎఫ్‌లోనే ఉద్యోగం కావాలంటే మాత్రం సిటిజన్‌షిప్ వచ్చేదాకా ఆగాలి.

ఇక చివర్లో మీరు రాసిన అమ్మాయి ఫ్రెండ్ సంగతి, హెచ్4 మీద వర్క్ పర్మిట్ ఉందని. ఆ పిల్లని ఆగమనండి. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 లాంటి వీసాల మీద వచ్చినవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ వాటిని నమ్ముకుని ఈ ఉద్యోగంలోకి దిగకూడదు. వర్క్ పర్మిట్ ఉద్యోగానికి పర్మిషనే గానీ తుపాకీకి కాదు, స్టాక్ లెక్కపెట్టమని ఒక రైఫిల్ చేతిలో పెడితే ఇమిగ్రేషన్ మొత్తం గల్లంతవుద్ది. కాగితాల పనే అని షాపువాళ్ళు ఎంత చెప్పినా ముందు లాయర్‌ని అడిగాకే అడుగు వెయ్యమనండి.