మీ ప్రశ్న – మా జవాబు: మద్రాసు దాకా వచ్చిన ప్రపంచ యుద్ధాలు

ప్రశ్న: హైకోర్టు ప్రహరీ దగ్గర 'ఎమ్‌డెన్' ఫలకం చూశాం. యూరప్‌లో మొదలైన యుద్ధానికి ఒక జర్మన్ ఓడ ఇంత దూరం వచ్చి మద్రాసు మీద గుండ్లు ఎందుకు కురిపించింది?
– ఒక పాఠకుడు, షావుకారుపేట

జవాబు: సగం కారణం బొగ్గు. 1914 ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధంలోకి దిగేసరికి జర్మనీ తూర్పు ఆసియా నౌకాదళం పసిఫిక్‌లో ఉంది. దాని స్థావరం చైనా తీరంలోని చింగ్‌డావ్. జపాను కూడా బ్రిటన్ పక్షం చేరబోతోందని తేలాక అక్కడికి తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది. హిందూ మహాసముద్రంలో జర్మనీ దళానికి బొగ్గు నింపుకోవడం కష్టం. అందుకే దళాధిపతి ఫాన్ స్పే మిగతా ఓడలను దక్షిణ అమెరికా వైపు తీసుకుపోయాడు. ఎమ్‌డెన్ కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ లెక్క వేరు. దళం మొత్తానికి బొగ్గు దొరకకపోయినా, ఒంటరి ఓడ శత్రువుల దగ్గర పట్టుకున్న బొగ్గుతోనే నెట్టుకురాగలదన్నాడు. స్పే సరేనన్నాడు.

ఎమ్‌డెన్‌కు పొగగొట్టాలు మూడే. కాన్వాసుతో నాలుగోది కట్టి, దూరం నుంచి చూసేవాళ్లకు బ్రిటిష్ యుద్ధనౌక యార్మత్‌లా కనిపించేట్టు చేశారు. సెప్టెంబరు రెండో వారంలో బంగాళాఖాతంలో చిక్కిన మొదటి ఓడల్లో ఒకటి పొంటోపొరోస్. దాని నిండా మన బొగ్గే. అయితే ఆ బొగ్గు నాసిరకం: పొగ ఎక్కువ, బూడిద ఎక్కువ. దాక్కుని తిరిగే ఓడకు నల్లటి పొగను మించిన శత్రువు లేదు.

సెప్టెంబరు 22 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో మద్రాసు రేవుకు మూడు కిలోమీటర్ల లోపుకే వచ్చింది. అప్పట్లో దీపస్తంభం హైకోర్టు గుమ్మటం మీదే ఉండేది. యుద్ధం మొదలై ఏడు వారాలైనా దాని దీపం వెలుగుతూనే ఉంది, ఊళ్లో దీపాలూ అంతే. ముల్లర్‌కు గురి చూసుకోవడానికి ఇంకేం కావాలి? సెర్చిలైటు వేసి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు పట్టుకున్నాడు. 105 మిల్లీమీటర్ల ఫిరంగులతో అరగంటలోపు సుమారు 125 గుండ్లు కాల్చాడు. దాదాపు 3,46,000 గ్యాలన్ల నూనె తగలబడింది. గురి తప్పినవి రేవులోని ఓడలకూ ఊళ్లోని కట్టడాలకూ తగిలాయి. మీరు చూసిన ఫలకం అలా తగిలిన చోటిదే. కనీసం ఐదుగురు చనిపోయారు. తీర ఫిరంగులు బదులు కాల్చాయి గానీ ఒక్కటీ ఓడకు తగల్లేదు.

యుద్ధం గెలవడానికి ఈ దాడి ఏమాత్రం పనికొచ్చేది కాదు, ఆ సంగతి ముల్లర్‌కూ తెలుసు. అతనికి కావలసింది భయం, అది పుష్కలంగా దొరికింది. జనం మూటాముల్లె సర్దుకుని రైలెక్కారు. సరుకు ఓడలు రేవులు దాటడం మానేశాయి, బీమా రేట్లు చుక్కలనంటాయి. తగలబడిన నూనెకన్నా కదలని ఓడల వల్ల వచ్చిన నష్టమే పెద్దది. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ చేతిలో ఎమ్‌డెన్ కథ ముగిసింది.

ప్రశ్న: ఆ ఓడలో విప్లవకారుడు చెంపకరామన్ పిళ్లై ఉన్నాడట, నిజమేనా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: ఆధారం లేదు. యుద్ధకాలంలో ఆయన బెర్లిన్ కేంద్రంగా పనిచేశాడు. కథ బాగుంటుంది కాబట్టే ఇన్నేళ్లు బతికింది.

ప్రశ్న: 1942లో మా తాతగారి కుటుంబం మద్రాసు వదిలి నెల్లూరు వెళ్లిపోయిందని అమ్మమ్మ చెప్పేది. అప్పుడు జపానువాళ్లు ఇక్కడ బాంబులు వేశారా?
– ఒక పాఠకుడు, టి.నగర్

జవాబు: ఆ ఏప్రిల్లో బాంబులు పడింది విశాఖపట్నం, కాకినాడల మీద, 6వ తేదీన. ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి ఆ విమానాలు లేచాయి. ముందురోజే కొలంబో మీద దాడి జరిగింది. ఆ వారంలో బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడలు మునిగాయి. తర్వాతి వంతు మద్రాసుదేనన్న అనుమానంతో ప్రభుత్వమే కార్యాలయాలను తరలించింది. ఇక జనం ఆగుతారా? మద్రాసు మీద జపాను బాంబులు పడటం 1943 అక్టోబరులో, అదీ ఒక్క విమానం నుంచి.

నిజమైన దెబ్బ అంతకుముందే తగిలింది. 1942 మార్చి 8న రంగూను జపాను చేతికి చిక్కడంతో బర్మా బియ్యం ఆగిపోయింది. కూలికీ వ్యాపారానికీ అక్కడికి వెళ్లిన మనవాళ్లు వేలమంది అడవులూ కొండలూ దాటుకుంటూ కాలినడకన వెనక్కి వచ్చారు. దారిలోనే కలరాకీ మలేరియాకీ పోయినవాళ్లు ఎందరో. కరవు మరుసటి ఏడు బెంగాల్‌ను మింగేసింది. చనిపోయినవాళ్లు 20 నుంచి 30 లక్షలని అంచనా.

ప్రశ్న: మా ముత్తాత మొదటి యుద్ధంలో చనిపోయాడట. ఎక్కడ వెతకాలి?
– ఒక పాఠకుడు, వ్యాసర్పాడి

జవాబు: కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం (CWGC) జాబితా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, రెండోదానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు మరణించిన సైనికుల పేర్లు అందులో ఉంటాయి. బతికి తిరిగొచ్చినవాళ్లు ఉండరు, చాలామంది ఇక్కడే తికమకపడతారు.

ఇంటిపేరుతో మొదలుపెట్టకండి. మనవాళ్ల పేర్లు చాలావరకు ఒంటి పేరుగానే రాసుకున్నారు. వెంకటస్వామిని ఇంగ్లిషులో నాలుగు రకాలుగా రాయొచ్చు కాబట్టి మొదటి నాలుగైదు అక్షరాలే కొట్టి, యుద్ధం, దేశం ఎంచుకుని జాబితా కుదించండి. దళం పేరు తెలిస్తే పని సులువు. ఇంట్లో పాత పతకం ఉంటే అంచు చూడండి, సాధారణంగా నంబరు, పేరు, దళం అక్కడే చెక్కి ఉంటాయి. తర్వాత చెన్నై నందంబాక్కంలోని యుద్ధ శ్మశానానికి వెళ్లండి. అక్కడి సమాధులు రెండో యుద్ధానివి. మొదటి యుద్ధంలో పోయి, దేశంలో నిర్వహణ సాధ్యం కాని శ్మశానాల్లో ఉన్న వెయ్యిమందికి పైగా సైనికుల పేర్లు విడిగా స్మారక ఫలకాల మీద ఉన్నాయి. మీరు వెతకాల్సింది ఆ ఫలకాలను. ముత్తాత విదేశంలో పోయి ఉంటే పేరు ఇక్కడ కాక, ఆ యుద్ధరంగానికి చెందిన స్మారకం మీద ఉంటుంది.