మస్టర్‌లో లేని నాలుగు గంటలు

ప్రశ్న: చిలకలూరిపేట దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. నాన్న ఆపరేషన్‌కి మా ఓనర్ గారు అడగ్గానే 1,20,000 ఇచ్చారు. జీతంలో నెలకి 3,000 పట్టుకుంటున్నారు. ఇప్పుడు 12 గంటలు పనిచేసినవాళ్లకి మస్టర్‌లో, అంటే హాజరు పుస్తకంలో, ఎనిమిదే రాయమంటున్నారు. కాదంటే ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం, రాస్తే తోటివాళ్ల ముఖం చూడలేను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, ఆ అప్పు 40 నెలల్లో తీరిపోతుంది. సమయానికి ఆదుకున్న మనిషి, ఆ గౌరవం ఆయనకి ఇవ్వాల్సిందే. కానీ అప్పు నీది. దాన్ని నూలు వడికే రింగ్‌ఫ్రేమ్‌ల దగ్గర నిలబడే ఆడవాళ్ల చేత కట్టించకు.

లెక్క చూడు. ఎనిమిది గంటల కూలి 520 అనుకుందాం. గంటకి 65. చట్టం ప్రకారం ఓటీకి, అదే అదనపు గంటలకి, రెట్టింపు, అంటే 130. నాలుగు గంటలకి మళ్లీ 520! నువ్వు రాయకుండా వదిలేసేది ఒక్కొక్కరికి ఒక పూర్తి రోజు కూలి.

డబ్బు సంగతి అలా ఉంచు. నేను ముప్పై ఏళ్లు టైమ్‌కీపర్‌గా చేశాను. నీలాగే ఒకప్పుడు చెప్పింది చెప్పినట్టు రాశాను. ఒక రాత్రి దూది దువ్వే కార్డింగ్ మిషన్‌లో ఒకతని చెయ్యి నలిగింది. మస్టర్ ప్రకారం అతను రెండు గంటల కిందటే ఇంటికెళ్లిపోయాడు. డ్యూటీలోనే దెబ్బ తగిలిందనడానికి కార్మికుల బీమా చూసే ఈఎస్‌ఐ వాళ్లు కాగితం అడిగారు. ఉన్న కాగితం నా చేతిరాతే. అది తేలడానికి ఏడాదిన్నర పట్టింది. అతని భార్య నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అలాగని తోటివాళ్లు ఏం చేసినా వెనకేసుకు రమ్మనడం లేదు. రాత్రి షిఫ్టులో కునుకు తీసేవాడికీ ఎనిమిది గంటలు రాయకు. వాడి ఫ్రేమ్ మీద తెగిన పోగులు పక్కన ఉన్నావిడ అతుకుతుంటుంది.

ఓనర్ గారితో అందరి ముందు వద్దు, ఆఫీసు గదిలో ఒక్కడివే మాట్లాడు. "మీ బాకీ తీరుస్తాను సార్, మస్టర్ మాత్రం ఉన్నది ఉన్నట్టు రాస్తాను" అను. కోపం వస్తుంది, రానీ. ఆ యాక్సిడెంట్ తర్వాత నేనూ అదే మాట అంటే, నన్ను తీసుకెళ్లి దూది గోడౌన్‌లో వేశారు. ఎనిమిది నెలలు 170 కిలోల బేళ్లు తూకం వేయించాను. నడుం నొప్పి అప్పటిదే. నిద్ర మాత్రం బాగానే పట్టేది.