రీఫ్ ట్యాంక్‌కి ఏ సాల్ట్ మిక్స్ మంచిది? ఖరీదైనదే కొనాలా?

మీ రీఫ్ ట్యాంక్ (ఉప్పునీళ్లలో పగడాలు పెంచే అక్వేరియం) సైక్లింగ్, అంటే మేలుచేసే బ్యాక్టీరియా కుదురుకునే దశ, పూర్తి కావచ్చింది, ముందు సాఫ్ట్ కోరల్స్‌తో (గట్టి అస్థిపంజరం లేని మెత్తటి పగడాలు) మొదలుపెట్టి మెల్లగా అక్రోపోరా (కొమ్మలు వేసే గట్టి పగడం) దాకా వెళ్లాలని ఉంది, అందుకని ఇప్పటినుంచే ‘ప్రో’ అని రాసి ఉన్న ఖరీదైన సాల్ట్ మిక్స్ (నీళ్లలో కలిపి సముద్రపు నీళ్లు తయారుచేసుకునే పొడి) కొనాలా, మామూలుది చాలా అని అడిగారు. సూటిగా చెప్తాను. పేరున్న కంపెనీల సాల్ట్ ఏది కొన్నా మీ పగడాలు బతుకుతాయి. ఇన్‌స్టంట్ ఓషన్‌తో ఏళ్ల తరబడి చక్కటి ట్యాంకులు నడుపుతున్నవాళ్లు ఉన్నారు, ట్రోపిక్ మారిన్ తప్ప ఇంకోటి ముట్టనివాళ్లూ ఉన్నారు. బ్రాండ్ సంగతి తర్వాత. ముందు ఒక అంకె తేల్చుకోండి: మీ ట్యాంక్ ఆల్కలినిటీని (పగడాలు అస్థిపంజరం కట్టుకోవడానికి వాడుకునే కార్బొనేట్ల కొలత, డీకేహెచ్‌లలో చెప్తారు, ముద్దుగా ‘ఆల్క్’) ఎక్కడ నిలబెట్టాలనుకుంటున్నారు? 7.5 దగ్గరా, 8.5 దగ్గరా, 11 దగ్గరా? అది తేలితే ఏ డబ్బా కొనాలో దానంతట అదే తేలుతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నా స్నేహితుడి ట్యాంక్‌లో జరిగింది కళ్లారా చూశాను.

వాడిది చాలా శుభ్రమైన ట్యాంక్. నైట్రేట్ దాదాపు సున్నా, ఫాస్ఫేట్ టెస్ట్ కిట్‌కి అందనంత తక్కువ, ఆల్కలినిటీ ఎప్పుడు కొలిచినా 7.5 డీకేహెచ్ చుట్టూనే. ఉన్నవి ఎక్కువగా అక్రోపోరాలే. వాడే సాల్ట్ మాత్రం 12 దాకా కలిసే, అంటే కలిపిన నీళ్లలో ఆల్కలినిటీ 12 దాకా వచ్చే, హై ఆల్క్ రకం. వారం వారం పది శాతం నీళ్లు మార్చేవాడు, ఏ ఇబ్బందీ రాలేదు. ఎందుకు రాలేదో లెక్క వేస్తే తెలుస్తుంది. 7.5 ఉన్న ట్యాంక్‌లో పదో వంతు తీసి 12 ఉన్న నీళ్లు పోస్తే మొత్తం 7.95 అవుతుంది. అర పాయింట్ కూడా పెరగదు. నిండుగా పగడాలున్న ట్యాంక్ దాన్ని ఒక్క రోజులో వాడేసుకుంటుంది.

అలా సాగుతుండగా ఒక రాత్రి ట్రేస్ ఎలిమెంట్స్ (సూక్ష్మ మూలకాల ద్రావణం) బాటిల్ చెయ్యి జారి నీళ్లలో ఎక్కువ ఒలికింది. టెన్షన్ పడి సగం నీళ్లు ఒక్కసారే మార్చేశాడు. సగం 7.5, సగం 12. అంటే 9.75. ఒక్క పూటలో రెండు పాయింట్లకు పైగా ఎగబాకింది.

తర్వాత కొద్ది రోజులకే ఫోన్. “ఒరేయ్, ఈ సాల్ట్ బ్యాచ్ ఏదో తేడాగా ఉందిరా, కొమ్మల చివర్లన్నీ తెల్లబడుతున్నాయి, ఒకసారి వచ్చి చూడు” అన్నాడు. వెళ్లాను. అక్రోపోరా కొమ్మ కొస మామూలుగానే లేత రంగులో ఉంటుంది, కొత్తగా పెరిగే చోటు కాబట్టి. కొత్తవాళ్లు అది చూసి ఊరికే భయపడతారు. ఇది అలాంటిది కాదు. కొస మీద కణజాలమే లేదు. టార్చ్ వేసి భూతద్దంతో చూస్తే, మొనలో పాలిప్ (పగడాన్ని కట్టే చిన్న జీవి) ఉండాల్సిన ఆ చిన్న గొట్టం ఖాళీగా కనిపించింది. దాని అంచు పలచగా, గరుగ్గా ఉంది. అక్కణ్ణించి కిందకి కొన్ని మిల్లీమీటర్ల మేర ఉత్త తెల్లటి అస్థిపంజరం. ఆ తెలుపు ఆగినచోట ఊదారంగు కణజాలం గీత గీసినట్టు మొదలవుతోంది. కొన్ని కొసల మీద అప్పటికే గోధుమరంగు నాచు పట్టేసింది. కొమ్మల మొదళ్ల దగ్గర మాత్రం పాలిప్స్ బాగానే విచ్చుకుని ఉన్నాయి.

నా టెస్ట్ కిట్ పట్టుకెళ్లాను. ముందు ట్యాంక్ నీళ్లు, తర్వాత వాడి డబ్బాలోని సాల్ట్‌తో అప్పటికప్పుడు కలిపిన నీళ్లు. సిరంజితో రియేజెంట్ చుక్క చుక్కగా వేస్తూ, ప్రతి చుక్కకీ సీసా తిప్పుతూ, రంగు మారేచోట ఆపి చూశాం. ట్యాంక్ ఇంకా 9 పైనే ఉంది. కొత్తగా కలిపిన నీళ్లు 12. డబ్బా మీద కంపెనీ రాసింది కూడా అదే అంకె! బ్యాచ్‌లో ఏ లోపమూ లేదు. ఆ సాల్ట్ చెప్పింది చెప్పినట్టు చేసింది. 7.5 దగ్గర నడిచే ట్యాంక్‌కి అది తగిన సాల్ట్ కాదు, అంతే.

దీనికి నేను నమ్మే కారణం ఇది: ఆల్క్ ఒక్కసారిగా పెరిగితే అస్థిపంజరం కట్టడం వేగం అందుకుంటుంది, పోషకాలు లేని నీళ్లలో పైనున్న కణజాలం ఆ వేగాన్ని అందుకోలేదు. ఎందుకంటే నైట్రేట్, ఫాస్ఫేట్ కాస్త ఉన్న ట్యాంకుల్లో ఇవే పగడాలు 11 దగ్గర కూడా హాయిగా పెరగడం చూశాను. కాబట్టి 11 తప్పు, 7.5 ఒప్పు అని నేను అనను. ఉన్నచోటినుంచి ఒక్కసారిగా కదిలించకూడదు అంటాను.

వాడిచేత డోసింగ్ (పగడాలు వాడేసుకున్న ఆల్క్, కాల్షియం తిరిగి భర్తీ చేసే ద్రావణాలు పోయడం) ఆపించాను. ఆల్క్ దించడానికి ఏదో ఒకటి పోద్దామన్నాడు, వద్దన్నాను. దానంతట అదే దిగనిచ్చి, 8కి చేరాక మళ్లీ కొద్దికొద్దిగా డోసింగ్ మొదలుపెట్టాడు. తెల్లబడిన కొసలు చాలావరకు పక్కల నుంచి కణజాలం పాకి మళ్లీ కప్పుకున్నాయి. ఒక కాలనీకి మాత్రం మొదలు నుంచి కూడా కణజాలం ఊడొచ్చి, అది దక్కలేదు. తర్వాత వాడు 8 దగ్గర కలిసే సాల్ట్‌కి మారిపోయాడు.

ఇప్పుడు మీ ‘ప్రో’ సంగతికి వస్తాను. ఆ మాట డబ్బా మీద ఉంటే అది పై తరగతి సాల్ట్ అనీ, లేకపోతే నాసిరకం అనీ చాలామంది అనుకుంటారు. రెడ్ సీ కంపెనీ డబ్బాలు రెండు పక్కపక్కన పెట్టి చూడండి. మామూలు రెడ్ సీ సాల్ట్ 8 డీకేహెచ్ దగ్గర కలుస్తుంది, కోరల్ ప్రో 12 దగ్గర కలుస్తుంది. అక్కడ ‘ప్రో’ అంటే ఆల్క్ ఎక్కువ. అదే ట్రోపిక్ మారిన్ వాళ్ల ప్రో రీఫ్ తీసుకుంటే అది 7 చుట్టూ ఉంటుంది, వాళ్ల మామూలు సాల్ట్ కంటే తక్కువ. అక్కడ ‘ప్రో’ అంటే ఆల్క్ తక్కువ. ఒకే మాటకి రెండు కంపెనీల్లో రెండు అర్థాలున్నప్పుడు ఆ మాటని చూసి డబ్బు ఎలా పెడతారు? డబ్బా తిప్పి వెనక ఉన్న పట్టిక చూడండి. ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం. పోల్చుకోవడానికి అసలు సముద్రం అంకెలు గుర్తుపెట్టుకోండి: సాలినిటీ (ఉప్పదనం) 35 పీపీటీ, అంటే వెయ్యికి 35 వంతులు, దగ్గర ఆల్కలినిటీ సుమారు 7, కాల్షియం 410–420 పీపీఎం (పది లక్షల్లో వంతులు), మెగ్నీషియం 1300కి కొంచెం అటూఇటూ. పట్టికలోని అంకెలు ఏ సాలినిటీ దగ్గర కొలిచినవో రాయని డబ్బాలంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఒక్క ముక్క లేకపోతే మిగతా అంకెలన్నీ దండగ.

హై ఆల్క్ సాల్ట్ కొంటే డోసింగ్ అక్కర్లేదు అనే మాట కూడా మీ చెవిన పడే ఉంటుంది. సాఫ్ట్ కోరల్స్ ఉన్నంతకాలం అది దాదాపు నిజమే, వాటి వాడకం తక్కువ. అక్రోపోరాలు నిండాక ట్యాంక్ రోజుకి 1 డీకేహెచ్ తింటుందనుకోండి, వారానికి 7. మీ పది శాతం వాటర్ చేంజ్, 8 ఉన్న ట్యాంక్‌లో 12 సాల్ట్‌తో చేస్తే, తెచ్చిపెట్టేది 0.4. ఏ సాల్టూ ఈ లోటు పూడ్చలేదు. కాల్షియం ఖర్చు కూడా ఆల్క్‌తోపాటే నడుస్తుంది, ఒక్కో డీకేహెచ్‌కి సుమారు 7 పీపీఎం చొప్పున. కాబట్టి ఆ స్థాయికి వెళ్లినప్పుడు డోసింగ్ ఎలాగూ తప్పదు. డోసింగ్ పెట్టుకున్నాక మీ ట్యాంక్ అంకెకి దగ్గరగా కలిసే సాల్ట్ ఉంటేనే ప్రశాంతంగా ఉంటుంది, ఎప్పుడైనా అత్యవసరంగా సగం నీళ్లు మార్చాల్సి వచ్చినా గుండె దడ ఉండదు.

ఇక సముద్రపు నీళ్లు ఎండబెట్టి తీసిన ఉప్పు ‘సహజం’ కాబట్టి అదే వాడొచ్చు కదా అనేవాళ్లున్నారు. దయచేసి ఆ మాట నమ్మకండి. సముద్రపు నీళ్లు ఇగురుతున్నప్పుడు ముందు కాల్షియం కార్బొనేట్ అడుగున పడిపోతుంది, ఆ తర్వాత జిప్సం, ఆ తర్వాత సోడియం క్లోరైడ్. మెగ్నీషియం, పొటాషియం లవణాలు చివరిదాకా చేదు నీళ్లలోనే ఉండిపోతాయి, ఆ నీళ్లు పారబోస్తారు. మిగిలిన ఉప్పుని మళ్లీ నీళ్లలో కలిపితే ఉప్పునీళ్లు వస్తాయి, సముద్రం రాదు. బ్రిటిష్ సముద్ర పరిశోధన ఓడ ఛాలెంజర్ 1872 నుంచి 1876 వరకు ప్రపంచం చుట్టి తెచ్చిన నీళ్లలో 77 నమూనాలను రసాయన శాస్త్రవేత్త విలియం డిట్మార్ పరీక్షించి 1884లో ఫలితాలు ప్రచురించాడు. ఉప్పదనం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉన్నా, ప్రధాన లవణాల మధ్య నిష్పత్తి మాత్రం దాదాపు ఒక్కటే అని అందులో తేలింది. పగడాలు పుట్టి పెరిగింది ఆ నిష్పత్తిలో. మంచి సాల్ట్ మిక్స్ చేసే పని ఆ నిష్పత్తిని డబ్బాలోకి తేవడమే.

నన్ను అన్నిటికంటే బాధపెట్టే సంగతి ఇంకొకటుంది. సాల్ట్ మీద ఇంత చర్చ చేసేవాళ్లు రిఫ్రాక్టోమీటర్ (సాలినిటీ కొలిచే పరికరం) సరిచూసుకోరు. చూసుకున్నా ఆర్‌ఓ నీళ్లు ఒక చుక్క వేసి సున్నా దగ్గర సెట్ చేసి ఊరుకుంటారు. సున్నా దగ్గర సరిగ్గా ఉన్న పరికరం 35 దగ్గర రెండు మూడు పాయింట్లు తప్పు చూపించవచ్చు. అదీగాక కొన్ని రిఫ్రాక్టోమీటర్ల స్కేలు ఉత్త సోడియం క్లోరైడ్ ద్రావణానికి గీసింది, సముద్రపు నీటికి కాదు. 35 అని మీరు అనుకుంటున్నది నిజానికి 38 అయితే ఆల్క్ 8 కావాల్సినచోట 8.7 అవుతుంది, కాల్షియం 420 కావాల్సినచోట 456 అవుతుంది. అప్పుడు సాల్ట్‌ని తిడతారు! చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పినా వినరు. 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణం ఒక చిన్న సీసా కొనండి, సాల్ట్ కొనకముందే కొనండి.

కొనేటప్పుడు సంచి చేత్తో నొక్కి చూడండి. లోపల రాయిలా గడ్డకట్టి ఉంటే వద్దు. ఈ మిక్స్‌లలోని కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ గాలిలోని తేమని లాగేసుకుంటాయి. ఆ తడిలో కాల్షియం, కార్బొనేట్ ఒకదానితో ఒకటి కలిసి గట్టిపడితే మళ్లీ కరగవు. అలాంటి సాల్ట్ కలిపితే నీళ్లు తెల్లగా మసకబారి అడుగున పొడి మిగులుతుంది, కొలిస్తే ఆల్క్, కాల్షియం రెండూ తక్కువ వస్తాయి. తేమ పట్టిన సాల్ట్ బరువు కూడా మోసం చేస్తుంది, గ్రాములు సరిపోయినా సాలినిటీ సరిపోదు. పెద్ద డబ్బా అయితే తీసే ముందు మూత బిగించి నేల మీద నాలుగైదు సార్లు దొర్లించండి, రవాణాలో కుదుపులకి సన్నటి పొడి అడుక్కి, పెద్ద పలుకులు పైకి చేరతాయి.

కలపడం గురించి ఒక్క మాట చాలు. టీడీఎస్ (నీళ్లలో కరిగిన పదార్థాల కొలత) సున్నా చూపించే ఆర్‌ఓ డీఐ నీళ్లు, అంటే కరిగినవన్నీ తీసేసిన నీళ్లు, ముందు పోసి, పవర్‌హెడ్ (నీళ్లు తిప్పే చిన్న పంపు) తిరుగుతుండగా సాల్ట్ కొద్దికొద్దిగా వేయాలి. సాల్ట్ మీద నీళ్లు పోయకూడదు, అలా చేస్తే అడుగున గాఢత పెరిగి కాల్షియం కార్బొనేట్ విరిగి పడిపోతుంది. హై ఆల్క్ రకాలు వేడి నీళ్లలో గంటల తరబడి తిరుగుతూ ఉంటే కూడా ఇదే జరుగుతుంది, పంపు మీద తెల్లటి పొర కడుతుంది. ఎంతసేపు కలపాలో డబ్బా మీద రాసి ఉంటుంది, ఆ మాట వినండి.

“మీరే నా స్థానంలో ఉంటే ఏం చేస్తారు?” అని మీరు అడిగితే, నేనైతే ట్యాంక్‌ని 8–8.5 దగ్గర పెట్టుకుని, ఆ చుట్టుపక్కల కలిసే సాల్ట్ మధ్యస్థం సైజు డబ్బా కొంటాను. ఇప్పటి సాఫ్ట్ కోరల్స్‌కి అది చాలు, రేపు అక్రోపోరాలు వచ్చినా మార్చాల్సిన పని ఉండదు. డబ్బా తెరిచిన రోజే ఒక బకెట్ కలిపి సాలినిటీ, ఆల్క్, కాల్షియం, మెగ్నీషియం కొలిచి మూత మీద మార్కర్‌తో రాసుకోండి, బ్యాచ్ నంబర్‌తో సహా. రెండో డబ్బా వచ్చాక, పాతది కాస్త మిగిలి ఉండగానే కొత్తదాన్నీ అలాగే కలిపి కొలవండి. ఆల్క్ తేడా అర పాయింట్ లోపు ఉంటే ఎప్పటిలాగే వాడండి. అంతకు మించితే పాతదీ కొత్తదీ సగం సగం కలిపి మొదటి కొన్ని వాటర్ చేంజ్‌లు చిన్నవిగా చేయండి.