సెలవుల్లో పిల్ల గది తలుపు మూసుకుంటే: చెల్లికి ఉత్తరం

చెల్లీ,

నిన్న ఫోన్లో "అక్కా, పదకొండైనా లేవట్లేదు, లేస్తే ఫోన్, ఏమైనా అడిగితే చిటపటలాడుతుంది, మూడు వారాల్లో స్కూలు తెరుస్తారు, నాకు టెన్షన్‌గా ఉంది" అన్నావు. నేను అప్పుడు పొడిపొడిగా జవాబు చెప్పాను, ఎందుకంటే పిల్ల అక్కడే ఉందని నాకు అర్థమైంది. ముందుగా చెప్పేది అదే, తను వింటుండగా తన గురించి ఎవరితోనూ ఫిర్యాదులా మాట్లాడకు, నాతో కూడా. పద్నాలుగేళ్ల పిల్లకి అది చెంపదెబ్బ కన్నా ఎక్కువ తగులుతుంది.

నిద్ర సంగతి చూద్దాం. అది బద్ధకం కాదు, ఈ మాట మీ ఆయనకి కూడా చెప్పు. ఈడొచ్చే వయసులో ఒంట్లోని గడియారమే ఆలస్యంగా నడుస్తుంది, నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి పొద్దుపోయాక గానీ ఊరదు, కాబట్టి తొమ్మిదిన్నరకి లైటు తీసేసి పడుకోమంటే నిజంగానే నిద్ర పట్టదు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, పెద్దవాళ్లలా ఆరు గంటలతో సరిపెట్టుకోమంటే మర్నాడు ఆ కోపం, ఆ ఏడుపు మనమే చూడాలి. అయితే ఇప్పుడు పదకొండింటికి లేస్తున్న పిల్లని స్కూలు తెరిచిన రోజు ఆరున్నరకి లేపితే అది నరకమే. రెండు రోజులకోసారి లేచే టైం ఒక అరగంట ముందుకి జరుపు. లెక్కేసుకో, పద్దెనిమిది రోజుల్లో ఆరున్నరకి వచ్చేస్తుంది, ఇంకా మూడు రోజులు చేతిలో మిగులుతాయి. పడుకునే టైం గురించి గొడవ పెట్టుకోకు, లేచే టైం మాత్రం పట్టుకో, లేవగానే కిటికీ తెరిచి వెలుతురు రానివ్వు, వీలైతే ఓ పావుగంట బయట నడిపించు. పొద్దుటి వెలుతురు పడితే రాత్రి నిద్ర దానంతటదే ముందుకి వస్తుంది.

ఫోన్ లాక్కోవద్దు. రాత్రి అందరి ఫోన్లూ హాల్లో ఛార్జింగ్ పెట్టే పద్ధతి పెట్టు, నీదీ, మీ ఆయనదీ కూడా. మీవి మంచం పక్కన ఉంచుకుని పిల్లదొక్కటే తీసుకుంటే అది శిక్ష అవుతుంది.

ఇప్పుడు నీకు ఒక సంగతి చెప్పాలి, ఇన్నాళ్లూ చెప్పలేదు. మా పెద్దది తొమ్మిదో తరగతిలోకి వెళ్లే ముందు, స్కూలు ఇంకో మూడు రోజుల్లో తెరుస్తారనగా కడుపునొప్పి అని పడుకుంది. డాక్టరుకి చూపించాను, పరీక్షల్లో ఏమీ లేదన్నారు. నేను ఇంటికొచ్చి "స్కూలు ఎగ్గొట్టడానికి నాటకాలా" అని అరిచాను. అది ఏమీ అనలేదు, గోడవైపు తిరిగి పడుకుంది. వారం తర్వాత ఒకరోజు రాత్రి నేను గిన్నెలు తోముతుంటే పక్కన నిలబడి తుడుస్తూ, నా మొహం చూడకుండా చెప్పింది. సెలవుల్లో తన స్నేహితురాళ్లు తనని తీసేసి వేరే గ్రూపు పెట్టుకున్నారట, క్లాసులో ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక రెండు నెలలుగా భయపడుతోందట. రెండు నెలలు, చెల్లీ! ఒకే ఇంట్లో ఉండి నాకు తెలియలేదు. భయం వల్ల వచ్చిన కడుపునొప్పి కూడా నొప్పే, పిల్ల అబద్ధం ఆడలేదు. ఆ మాట అన్నందుకు తర్వాత దాన్ని క్షమాపణ అడిగాను, నువ్వూ ఎప్పుడైనా నోరు జారితే అడుగు, తల్లి పెద్దరికం ఏమీ తగ్గదు.

అప్పటినుంచి నాకు తెలిసిందేంటంటే ఈ వయసు ఆడపిల్లలు ఎదురుగా కూర్చోబెట్టి "ఏమైంది చెప్పు" అంటే చెప్పరు. పక్కపక్కన ఏదో పని చేస్తున్నప్పుడు, బండి మీద వెళ్తున్నప్పుడు, చీకట్లో డాబా మీద పడుకున్నప్పుడు చెప్తారు. అందుకే సెలవుల్లో క్లాసులతో రోజంతా నింపేయకు, రోజూ కాసేపు తనతో కలిసి ఏదో ఒక పని పెట్టుకో, మాట్లాడకపోయినా సరే. చెప్పడం మొదలుపెడితే మధ్యలో "నేను ముందే చెప్పానా" అనకు, ఆ స్నేహితురాలి తల్లికి వెంటనే ఫోన్ చేయకు. "నేనేమైనా చెయ్యనా, వింటే చాలా?" అని అడుగు. చాలాసార్లు వింటే చాలంటారు.

ఒళ్లు గురించి ఎవరినీ మాట్లాడనివ్వకు. సెలవుల్లో చుట్టాలు వస్తారు, లావైందనో, నల్లబడిందనో, మొటిమలొచ్చాయనో అంటారు, ఎంత దగ్గరివాళ్లయినా అక్కడే మొహమాటం లేకుండా ఆపేయి. నువ్వు ఆపడం పిల్ల చూడాలి.

నెలసరి సంగతి కూడా. మొదటి రెండు మూడేళ్లు తేదీలు అటూ ఇటూ అవుతాయి, 21 నుంచి 45 రోజుల మధ్య వస్తుంటే కంగారు పడక్కర్లేదు. కానీ ఏడు రోజులు దాటినా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతున్నా, నొప్పికి స్కూలు మానేయాల్సి వస్తున్నా డాక్టరుకి చూపించు. ఎప్పుడూ నీరసం అంటే రక్తపరీక్ష చేయించు, హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే అది రక్తహీనత, దాన్ని మనం బద్ధకం అని తిడుతుంటాం. స్కూలు తెరవకముందే బ్యాగులో చిన్న పౌచ్‌లో రెండు ప్యాడ్లు, ఒక జత లోదుస్తులు పెట్టు. ఇంకొకటి, సాయంత్రం నీళ్ల సీసా నిండుగానే తిరిగొస్తోందేమో చూడు. స్కూల్లో బాత్రూం బాగోక నీళ్లు తాగడం మానేసే పిల్లల్ని ఎంతమందిని చూశానో. దాని వల్ల తలనొప్పి, మూత్రంలో మంట వస్తాయి. అదే అయితే పిల్లని కాదు, స్కూలు వాళ్లని అడగాలి.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. విసుగు, అలక మామూలే. కానీ రెండు వారాలు దాటి ముభావంగా ఉంటే, ఇష్టమైనవన్నీ మానేస్తే, తిండి బాగా తగ్గినా, తిన్నది కక్కేయడానికన్నట్టు వెంటనే బాత్రూంలోకి వెళ్తున్నా, చేతుల మీద గాయాలు దాచుకోవడానికన్నట్టు ఎండల్లో కూడా పొడుగు చేతుల బట్టలే వేసుకుంటున్నా ఆగకు, మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లు. "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట అంటే "చచ్చిపోవాలని అనిపిస్తోందా" అని సూటిగా అడుగు. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, పిల్లకి ఊరటగా ఉంటుంది. అవునంటే తిట్టకు, ఏడవకు, ఒంటరిగా వదలకు, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లు.

స్కూలు తెరిచాక మొదటి రెండు వారాలు కొత్త ట్యూషన్ ఏదీ మొదలుపెట్టకు. సాయంత్రం గుమ్మంలోనే "ఎలా జరిగింది, ఎవరి పక్కన కూర్చున్నావు" అని అడగొద్దు, బ్యాగు పడేసి, ఏదైనా తిని, కాసేపు ఊరికే పడుకోనివ్వు. ఆదివారం సాయంత్రాలు మాత్రం ఇంట్లో ఉండు, వారంలో ఎక్కువ దిగులు పుట్టేది అప్పుడే, యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూనో, పుస్తకాలు సర్దుకుంటూనో తను ఏదో ఒకటి అంటుంది.

వచ్చే వారం నేను వస్తున్నాను. నేనొచ్చేది తన కోసమని చెప్పకు, నీ కోసమని చెప్పు.

అక్క