వాచీలో పల్స్ పెరగాలని గుండె మాత్ర ఆపేశారా?

ప్రశ్న: మాది అనంతపురం. వయసు 56. రెండు నెలల క్రితం గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. రోజూ పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నడుస్తున్నాను. ఎంత వేగంగా నడిచినా వాచీలో పల్స్ 95 దాటేది కాదు. 220లోంచి వయసు తీసేసి, అందులో 70 శాతానికి చేరితేనే ఎక్సర్‌సైజ్ పనిచేసినట్టని తోటి వాకర్ ఒకాయన చెప్పారు. మెటోప్రొలాల్ వల్లే పల్స్ పెరగడం లేదని తెలిసి వారం నుంచి మానేశాను. ఇప్పుడు 120 దాకా వెళ్తోంది. ఆఖరి రౌండ్‌లో ఛాతీ కాస్త పట్టేసినట్టుంటే, ఛాతీ నొప్పికి వాడే సార్బిట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టుకుంటున్నాను, తగ్గిపోతోంది. ఇక జిమ్‌లో బరువులు ఎత్తవచ్చా?

జవాబు: జిమ్ సంగతి తర్వాత. నడిస్తే ఛాతీ పట్టేస్తోందని మామూలు విషయంలా రాశారు, నాకు కంగారు పుట్టించింది అదే. మాత్ర ఆపినందువల్ల కావచ్చు, స్టెంట్ దగ్గర మళ్లీ సన్నబడి ఉండవచ్చు, వేరే రక్తనాళంలో అడ్డు ఉండవచ్చు. మిమ్మల్ని చూడకుండా ఏదని చెప్పలేను. స్టెంట్ వేసిన డాక్టరుతో ఈరోజే మాట్లాడండి. దొరక్కపోతే ఊళ్లోనే గుండె డాక్టరు దగ్గరికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి. అప్పటిదాకా వాకింగ్ ఆపండి.

మెటోప్రొలాల్ ఇచ్చేదే గుండె మీద భారం తగ్గించడానికి. పల్స్ పెరగకపోవడం అంటే మందు తన పని తాను చేస్తోందని. గుండెపోటు వచ్చినవాళ్లు దీన్ని ఉన్నట్టుండి ఆపితే నొప్పి తిరగబెట్టవచ్చు, మళ్లీ గుండెపోటు కూడా రావచ్చు. మానాల్సి వస్తే డాక్టర్లమే ఒకటి రెండు వారాల పాటు డోసు తగ్గిస్తూ ఆపుతాం. మళ్లీ ఎంత డోసుతో మొదలుపెట్టాలో కూడా ఆ ఫోన్‌లోనే అడగండి, మీరే నిర్ణయించుకోవద్దు. వాకింగ్ స్నేహితులు మన మంచి కోరే చెబుతారు, కానీ మీ ఎకో రిపోర్టు వాళ్లు చూడలేదు కదండీ. ఓపీలో ఇలాంటివాళ్లు తరచూ కనిపిస్తారు. గ్యాస్ వస్తోందని ఒకరు, చర్మం కమిలిందని ఇంకొకరు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మానేస్తారు. స్టెంట్ వేసిన మొదటి నెలల్లో అవి ఆపితే అందులో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. అవి వేసుకుంటున్నారో లేదో మీరు రాయలేదు.

ఇక ఆ 220 లెక్క. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ (పల్స్ తగ్గించే మందు) వాడేవాళ్లకు అది పనికిరాదు. కార్డియాక్ రిహాబ్‌లో, అంటే గుండె జబ్బు తర్వాత పర్యవేక్షణలో చేయించే వ్యాయామ శిక్షణలో, రోజువారీ మందులు వేసుకున్నాకే టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ చేసే ఈసీజీ పరీక్ష) చేసి, లేదంటే కనీసం 6 నిమిషాల నడక పరీక్ష చేసి, దాన్నిబట్టి వేగం ఖరారు చేస్తారు. ఆయాసం ఎంతుందో 6 నుంచి 20 దాకా ఉండే బోర్గ్ స్కేల్‌పై మీరే చెప్పాలి. మొదట్లో 11 నుంచి 13 మధ్య ఉంటే చాలు. అంటే పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత ఆయాసం ఉండాలి. ముందు 5 నుంచి 10 నిమిషాలు మెల్లగా నడవాలి, చివర్లోనూ అంతే. నడక ఒక్కసారిగా ఆపేస్తే రక్తం కాళ్లలో నిలిచిపోయి కళ్లు తిరగవచ్చు. తేలికపాటి బరువులు కూడా రిహాబ్‌లో భాగమే, కానీ నొప్పి ఎందుకో తేలాకే, అదీ ఊపిరి బిగపట్టకుండా. రిహాబ్ సెంటర్ దగ్గర్లో లేకపోతే గుండె డాక్టరు రాసిచ్చిన పరిమితులతో ఫిజియోథెరపిస్ట్ నేర్పగలరు. మన అనంతపురం ఎండల్లో మాత్రం పొద్దు పైకెక్కాక వద్దు.

సార్బిట్రేట్ పెట్టుకుని నడక కొనసాగించడం ఇంకో పొరపాటు. నొప్పి వస్తే ఆగి, కూర్చుని పెట్టుకోవాలి, నిలబడి ఉంటే బీపీ పడిపోతుంది. 5 నిమిషాల్లో తగ్గకపోయినా, కూర్చున్నప్పుడే నొప్పి వచ్చినా, చెమటలు పట్టినా 108కి ఫోన్ చేయండి. బండి నడుపుకుంటూ రావద్దు. అంగస్తంభన కోసం సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటి మాత్రలు వాడుతుంటే సిగ్గుపడకుండా చెప్పాలి, అవీ సార్బిట్రేటూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీ, వాడుతున్న మందుల స్ట్రిప్పులు అన్నీ తీసుకెళ్లండి. మాత్ర వారం రోజులు ఆపానని, సార్బిట్రేట్ ఎన్నిసార్లు వాడానని డాక్టరుకు దాచకుండా చెప్పండి.