ఆయన "సరే" అన్నాడని

చిట్టితల్లీ,

నువ్వు ఎమర్జెన్సీ మీద నాటకం వేస్తున్నావనీ, స్క్రిప్టు ఎవరూ ఒక్కరే రాయరనీ, కాలనీ పెద్దవాళ్ళు చెప్పే జ్ఞాపకాల్లోంచే అందరూ కలిసి అల్లుతారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంగా అనిపించింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. రికార్డు చేసేముందు అడుగు. తేదీలు సరిచూసుకో: 1975 జూన్ 25 రాత్రి మొదలు, 1977 మార్చి 21న ఎత్తేశారు.

1988లో మా బృందం కూడా ఈ పనే చేసింది. అప్పట్లో బెంగాలీ నాటకకర్త బాదల్ సర్కార్ పద్ధతంటే మాకు పిచ్చి. సెట్టు లేదు, స్టేజీ లేదు, చుట్టూ జనం. రిక్షా తొక్కే పెద్దాయన ఒకాయన రోజూ వచ్చి మాతో కూర్చునేవాడు. ఒక సాయంత్రం, ఎవరూ అడక్కుండానే, 1976లో తనని కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి ఎలా లాక్కెళ్ళారో చెప్పాడు. 1976-77లో దేశం మొత్తం మీద కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు 80 లక్షలు దాటాయని నేను చదివాను. చదవడం వేరు. ఆయన చేతులు వణుకుతున్నాయి. "నాటకంలో పెట్టుకోమంటావా?" అన్నాను. "సరే బాబూ" అన్నాడు. ఇంకోసారి అడగలేదు నేను.

వీధిలో ఆడాం. ఆ పాత్ర వేసిన కుర్రాడు నొప్పితో కాళ్ళు ఎడంగా పెట్టి నడిచాడు. పిల్లలు నవ్వారు. వాళ్ళని చూసి పెద్దవాళ్ళూ నవ్వారు. ఇంకా పొద్దు గూకలేదు, ఎవరి ముఖం ఏమిటో అందరికీ కనిపిస్తోంది. ఆయన చాప మీద కూర్చుని ఉన్నాడు, పక్కన కొడుకు. ఆ సంగతి కొడుక్కి అప్పటిదాకా తెలియదట. ఆయన లేచి వెళ్ళలేదు. అయిపోయాక చాపలు చుట్టడంలో సాయం కూడా చేశాడు. మర్నాటి నుంచి మా వీధికే రాలేదు. వెళ్ళి క్షమించమని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇప్పుడాయన లేడు.

ఆ "సరే" గదిలో ఉన్న ఎనిమిది మందికి చెప్పింది, తల్లీ. వీధికి కాదు. అందుకే ఎవరి సంగతి ఉన్న సీను వాళ్ళొక్కరికే ముందు చూపించు. ఇంట్లో ఎవరికి తెలుసో, ఎవరికి తెలియదో అడుగు. బ్రెజిల్ నాటక దర్శకుడు అగస్టో బోల్ మొదలుపెట్టిన ఫోరం థియేటర్లో ప్రేక్షకులు "ఆపండి" అని లేచి వస్తారు కదా, ఆ హక్కు ముందు జ్ఞాపకం చెప్పినవాళ్ళకివ్వు. ప్రదర్శన రోజు పొద్దున మళ్ళీ అడుగు. వద్దంటే తీసెయ్. మంచి సీను పోతుందని బతిమాలావో, నేనొచ్చి చెవి మెలిపెడతాను.

కోప్పడుతున్నాననుకోకు. నీ వయసులో నాకు ఇది చెప్పినవాళ్ళు లేరు.

మీ తాతయ్యనీ అడుగుతావని తెలుసు. ఆ 21 నెలల్లో మా తమ్ముడు ఎక్కడ ఉన్నాడో, ఏం పడ్డాడో నేనూ ఎప్పుడూ అడగలేదు. అందరి ముందూ అడక్కు. మధ్యాహ్నం భోంచేసి వరండాలో ఒక్కడే కూర్చుంటాడు, అప్పుడు వెళ్ళు. చెప్పకపోతే కాసేపు పక్కన కూర్చుని వచ్చెయ్.

మీ పెదతాతయ్య